కాలవగట్టు అర్జీ

విజయవాడ, 1974
శుక్రవారం రాత్రి

మున్సిపల్ ఆఫీసు గోడకు కొత్త వార్డుల పటం అంటించారు. అందులో మా వార్డే లేదు.

నాన్న కౌన్సిలర్‌గా మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడిపోయింది కాలవగట్టు గుడిసెల ఓట్ల వల్లే. అందుకే గట్టును మా వార్డు నుంచి విడదీయమని నాచేత అర్జీ రాయించారు. నా బి.ఏ. ఇంగ్లీషంతా అందులో కుమ్మరించాను. విడదీశారు, గట్టును మూడు ముక్కలు చేసి మూడు వార్డుల్లో పడేశారు. మా వీధిని నాన్న మొహం ఎరగని మరో వార్డులో కలిపేశారు.

సాయంత్రం గట్టు మీది చేపల పోలమ్మ మా అరుగు మీద గంప దించింది. "మా ఓట్లన్నీ ఒక్కచోట ఉండబట్టే కదండీ ఆ ఒక్క నీళ్ల పంపన్నా ఏయించారు. ఇప్పుడు మా మొహం ఎవరు సూత్తారండీ?"

నాన్న పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

"మీరు సదువుకున్నోరు, అమ్మాయిగారూ. మమ్మల్ని మళ్లీ ఒక్కటి సెయ్యమని ఓ అర్జీ రాసిపెట్టండి."

రాస్తానన్నాను. కాగితం ముందు కూర్చుంటే పాత అర్జీలోని వాక్యమే అడ్డొస్తోంది: గట్టువాళ్లను వేరు చేస్తే వాళ్లకే మేలు, అని.

పొద్దున్నే వేలిముద్ర వేయడానికి వస్తానంది. ఆఫీసు ఫైల్లో కింద ఆ అర్జీ, పైన ఈ అర్జీ. రెండూ నా దస్తూరీయే.