బర్రె చూపించిన దోవ

తాతా,

నువ్వున్న చోట సిగ్నల్ ఉండదని తెలిసీ ఈ అత్యవసర సమాచారం రాస్తున్నాను. మన చేనికి దోవ దక్కింది.

నువ్వు పోయిన నెలకే పక్కచేను మాల్యాద్రి మామ గట్టురాళ్లు పీకి, దోవను దున్ని తన కందిచేలో కలిపేసుకున్నాడు. ట్రాక్టరు పోయే దారి లేక మన రెండెకరాలూ ఏడాదిగా బీడు. నిన్న నీ ఏడూడు తద్దినం అయిందో లేదో, ఇవాళ ఉదయగిరి నుంచి సర్వేయరు వచ్చాడు. ఎక్కడ మొదలుపెట్టాలో ఆయనకూ తోచలేదు.

"దోవ యాడుండాదిరా? ఉంటే చూపించు!" అని మామ మీసం దువ్వాడు. బీటెక్ చదివిన నేను గంభీరంగా ఆకాశం వైపు చూశాను.

"బర్రెను ఇప్పరా," అంది అవ్వ.

విప్పాను. పదేళ్లు ఆ దోవనే నీ వెనక నడిచిన మహాతల్లి కదా! కందిని తొక్కుకుంటూ, పాత వంకరలన్నీ తిరుగుతూ పోయింది. సర్వేయరు మిషను పట్టుకుని వెంటనడిచి, నక్షా చూసి, "గీత మీదే పోతా ఉండాదే!" అన్నాడు. మామ మీసం వదిలేశాడు. సాయంత్రానికి రాళ్లు పాతేశారు.

ఒక్కచోట మాత్రం ఆలస్యమైంది. నువ్వు రోజూ కూర్చునే బండ దగ్గర బర్రె ఆగిపోయింది. ఎంత అదిలించినా కదల్లేదు.

"ఏమైందమ్మా దీనికి?" అన్నాడు సర్వేయరు.

"ఉండు నాయనా," అంది అవ్వ, "ఆయన బీడీ అయిపోనీ."