ముసుగులో రిబ్కమ్మ

హైదరాబాదు, 12-6-89

మామకు దయానందం వందనాలు.

ఈడ మేమంతా బాగుండాము. నిన్న మా అమ్మ అన్నమ్మనూ నా భార్య విమలనూ పిల్లోళ్లనూ సాలార్‌జంగ్ మ్యూజియానికి పిల్చుకపోతి. రిబ్కమ్మను చూస్తిమి. ముసుగేసుకొని నిలబడుంది. పల్చటి ముసుగు, లోపల మొగమంతా కనపడతాంది. కాపలా మనిషి ఎవురినీ తాకనీడు. విమల శానాసేపు ఆడే నిలబడి కండ్లనీళ్లు పెట్టుకునింది.

మీ అల్లుడు,
దయానందం

తా.క. మా అమ్మ దగ్గరికి పోయి, ఎంతసేపని నిలబడతావు తల్లీ, కూర్చోరాదా అనింది. ఆయమ్మ పలకలేదు.

---

లింగాల, 16-6-89

అల్లునికి దేవపాలు దీవెనలు.

నీ జాబుతో నాకు దిక్కు తెలీకుండా పోయింది. మన వీధి రిబ్కమ్మ ఆడికెట్ల పోయెనప్పా? ఊరి ప్రెసిడెంటు ఇంటి మీద బాంబులేసినోళ్లను చూసింది ఆమె ఒక్కతే. మూడు నెలలుగా ఆచూకీ లేదు. ఈ ఇరవై రెండున జమ్మలమడుగు కోర్టులో సాక్ష్యం. ఒక పార్టీ ఆమె నోరు మూయించాలని, ఇంకో పార్టీ తాము చెప్పమన్నట్ల చెప్పించాలని వెతుకుతాండారు. గవర్నమెంటే ముసుగేసి దాచిపెట్టిందా?

నీ జాబును పోస్టుమాన్ ఇనాయతుల్లా టీ అంగట్లో గట్టిగా చదివి వినిపించినాడు. రెండు పార్టీలోళ్లూ ఆడే ఉండారు.

ఇట్లు,
మామ

తా.క. ఆ కాపలా మనిషి ఏ పార్టీనో కనుక్కోమని ఇనాయతుల్లా అంటాండాడు.

---

హైదరాబాదు, 21-6-89

మామకు వందనాలు.

కొంప మునిగింది. అది మన రిబ్కమ్మ కాదు. బైబిల్లో ఇస్సాకు భార్య, పాలరాతి బొమ్మ. ఇటలీ ఆయనెవరో నూరేండ్ల కిందట చెక్కినాడు. అందరికీ తెలిసిందే కదా అని రాయకపోవడం నా తప్పు.

మీ జాబు కంటే ముందు రెండు జీపులొచ్చినాయి. నన్ను ఎక్కించుకొని మ్యూజియానికి పోయినారు. రాయి అని మొత్తుకున్నా ఎవురూ నమ్మలేదు. బొమ్మ ముందర రెండు పార్టీలూ వాదులాడుకునె. ఈమె కాదని ఒకాయన, పట్నం నీళ్లకు తెల్లబడిందని ఇంకొకాయన. కడాకు, బొమ్మ ఈడుంటే మనిషి గూడా చుట్టుపక్కలే ఉంటాదని తేల్చి, గేటు కాడ కూర్చున్నారు. రేపంతా కదలరంట.

భయంతో,
దయానందం

తా.క. మ్యూజియంలోని పెద్ద గడియారంలోంచి బొమ్మ వచ్చి గంట కొడతాదంటే మాత్రం రెండు పార్టీలూ పక్కపక్కన కూర్చోని నోరెత్తకుండా చూసినారు.

---

లింగాల, 26-6-89

అల్లునికి దీవెనలు.

గురువారం రిబ్కమ్మ సాక్ష్యం చెప్పేసింది. మూడు నెలలుగా పెండ్లిమర్రిలో మీ అత్త ప్రేమమ్మ వాళ్లక్క ఇంట్లో ఉండెనంట. దాచింది మీ అత్తే. నాకు చెప్తే టీ అంగడికి చేరుతాదని చెప్పలేదంట. అడ్డం పడేదానికి ఏ పార్టీలోనూ మనిషి లేడు. ఆడోళ్లిద్దరూ బస్సెక్కి, ప్రొద్దుటూరులో దిగి దోసెలు తిని, జమ్మలమడుగు కోర్టుకు నడుచుకుంటా పోయినారు. భయపడొద్దని జడ్జి చెప్తే, రిబ్కమ్మ నెత్తి మీది కొంగు తీసేసి, "చూసింది చెప్తా, రాసుకోండి సార్" అని ఐదు పేర్లు చెప్పిందంట.

నాకింకా సగం అర్థం కాలేదు.

మీ మామ,
దేవపాలు

తా.క. నీ రాతి బొమ్మ సంగతి రిబ్కమ్మకు చెప్పినా. అంతా విని అడిగింది: "పాపం, ఆయమ్మ ఎవురి కేసులో సాక్షి?"