ఆ గీత నీ కర్ర గీసింది కాదు

నాన్నా, కూర పొయ్యి మీదే ఉంది, వేడి చేసుకుని తిను. నేను అద్దె కారు ఆఫీసుకి వెళ్తున్నాను. కారు తలుపు మీది గీతకి వాళ్ళు వేసిన బిల్లు రద్దు చేయించాకే ఇంటికొస్తాను. నువ్వు బల్ల మీద పెట్టిన బ్యాంకు కార్డు మళ్ళీ నీ సొరుగులోనే పెట్టేశాను. నువ్వు కట్టేది లేదు, నేను కట్టేది లేదు.

కారు తిరిగిచ్చేటప్పుడు ఆ గుమస్తా గీత చూపించగానే, "సారీ బాబూ, నా కర్రే తగిలుంటుంది" అన్నావు. ఎవరడిగారు నిన్ను? కాలు తగిలితే కుర్చీకి కూడా సారీ చెప్పే మనిషివి! అతను ఆ మాటే పట్టుకుని బిల్లు రాసేశాడు. నీ కర్ర చివర రబ్బరు తొడుగుంది కదా, అది రేకుని ఎలా గీరుతుంది?

పొద్దున ఫోన్లో వెతికితే దొరికింది. కారు తీసుకున్న రోజు, నువ్వు ఎక్కకముందు దాని పక్కన నిన్ను నిలబెట్టి తీసిన ఫోటో. కళ్ళు మూసుకుపోయాయి, డిలీట్ చెయ్యమని గోల చేశావే, అదే. నేను చెయ్యలేదు. నీ మోచేతి పక్కనే ఆ గీత స్పష్టంగా ఉంది. తీసుకెళ్ళి మేనేజరు ముందు పెడతాను. ఏమంటాడో చూస్తాను.

"ఇక నేనెక్కడికీ రానమ్మా, మీకు బరువు" అని ఇంకోసారి అనకు. బిల్లు కన్నా ఆ మాటకే నాకు ఒళ్ళు మండింది. వచ్చే సెలవుల్లో మళ్ళీ కారు తీసుకుంటాం. ముందు సీటు నీదే.

వాళ్ళు ఇంటికి ఫోన్ చేస్తే "మా అమ్మాయితో మాట్లాడండి" అని పెట్టేయ్. సారీ నోటిదాకా వస్తే ఆ కుర్చీకే చెప్పుకో.