క్యూ లైట్

మార్చి 3

నెలాఖరుకి ఉద్యోగానికి సెలవు. అంతకు పది రోజుల ముందే రేడియో స్టాఫ్ అసోసియేషన్ అధ్యక్ష పదవికి. పదకొండేళ్లు ఏలాను. మా సెక్రటరీని అందరం సెకన్లముల్లు అంటాం. ఇవాళ స్టూడియో తలుపు దగ్గరే పట్టుకున్నాడు. ఇరవయ్యోతేదీ మూడింటికి ఫేర్‌వెల్, మీ స్పీచ్‌కి ఎనిమిది నిమిషాలు అన్నాడు. పెళ్లిచూపులకి కూడా స్టాప్‌వాచ్ పట్టుకెళ్లి ఉంటాడు మహానుభావుడు.

మా దగ్గర ఒక ఆనవాయితీ ఉంది. పొగడ్తలన్నీ అయ్యాక, దిగిపోయే అధ్యక్షుడు తాను ఆన్ ఎయిర్‌లో చేసిన ఒక తప్పు ఒప్పుకోవాలి. అందరూ పడీపడీ నవ్వాలి. నాకు ముందున్నాయన వార్తల మధ్యలో తుమ్మి, సారీ చెప్పి, మళ్లీ తుమ్మిన సంగతి చెప్పాడు. నేను నిన్నటి వాతావరణం ఇవాళ చదివేసింది చెబుతాను. చాలు.

మార్చి 6

ఆమె వస్తోందట.

మార్చి 7

నిన్న ఒక్క ముక్క రాసి మూసేశాను. డైరీ దగ్గర కూడా దాపరికమేనా?

పాత బిల్డింగ్‌లో అనౌన్సర్‌గా నేను కూర్చునే స్టూడియో కింది అంతస్తులో, కంట్రోల్ రూమ్ పై అంతస్తులో. ఒకరికొకరు కనిపించరు. పదకొండేళ్ల కిందట పైన డ్యూటీ ఇంజనీరు ఆమె. ఆమె బటన్ నొక్కితే కింద నా బల్ల మీద ఎర్ర లైట్ వెలుగుతుంది. అదే క్యూ. వెలగ్గానే నేను మాట్లాడాలి. ఒక రోజు ఉదయం ఆరింటికి నేను సీట్లో లేను. కారిడార్‌లో ఫోన్ పట్టుకుని అసోసియేషన్ ఎన్నికలకి ఓట్లు అడుక్కుంటున్నాను. నాలుగు నిమిషాల పాటు రేడియో మూగబోయింది. పరిగెత్తుకొచ్చేసరికి లైట్ వెలుగుతూనే ఉంది.

ఎంక్వయిరీలో లైట్ రాలేదని చెప్పాను. బల్బు చూశారు, బాగానే ఉంది. అయితే ఆమే నొక్కలేదన్నారు. ఆమె ఉద్యోగంలో చేరి అప్పటికి ఎనిమిది నెలలు. మొదటి రోజు నొక్కానంది. రెండో రోజు నొక్కాననుకుంటున్నానంది. మూడో రోజు, రోజువారీ ప్రసారాలు రాసే లాగ్ రిజిస్టర్‌లో తప్పు తనదేనని రాసి సంతకం పెట్టింది.

ఆ వారమే ఏడు ఓట్లతో గెలిచాను. అధ్యక్షుడిగా నా మొదటి ఘనకార్యం ఆమె ఉద్యోగం ఊడకుండా వాదించడం. కొండమీది రిలే స్టేషన్‌కి ట్రాన్స్‌ఫర్‌తో సరిపెట్టారు. వెళ్లేముందు నాకు దండం పెట్టి, అన్నయ్యగారూ, మీరు లేకపోతే ఏమైపోయేదాన్నో అంది. చల్లగా ఉండమ్మా అని దీవించి పంపాను.

మార్చి 12, ఉదయం 5.40

అద్దం ముందు వాతావరణం జోకు ప్రాక్టీస్ చేస్తుంటే మా ఆవిడ చూసి, ఇది చెబితే మీరొక్కరే నవ్వుతారేమో అంది. తర్వాత చెప్పింది, నిన్న ఆమె మా ఇంటికి ఫోన్ చేసిందట. ఆరు గంటలు బస్సులో వస్తుందట. నా గురించి రెండు నిమిషాలు మాట్లాడాలట. ఇంతమందికి మేలు చేశారు, ఒక్కరైనా గుర్తుపెట్టుకున్నారని మా ఆవిడ సంబరం.

మార్చి 17

వక్తలు ఎక్కువయ్యారు, ఒకరిని తగ్గిద్దామా అని సెకన్లముల్లుని అడిగాను. ఎవరిని అన్నాడు. ఆమె పేరు చెప్పాను. ఆవిడ అడిగిందే రెండు నిమిషాలు కదా సార్, అన్నాడు.

ఛీ. ఇన్నేళ్ల తర్వాత కూడా కోయడానికి నాకు ఆమే దొరికింది.

మార్చి 20, సాయంత్రం

హాలు నిండింది. ఆమె తల నెరిసింది. రెండు నిమిషాల్లో ముగించింది. ఆ రోజు నుంచి ఏ బటనైనా మూడుసార్లు నొక్కుతుందట. ఇంట్లో స్టవ్వు మూడుసార్లు, తాళం మూడుసార్లు చూసుకుంటుందట. కూతురు ఆటపట్టిస్తుందట. అందరూ నవ్వారు. ఆ రోజు బటన్ నొక్కానో లేదో ఇప్పటికీ చెప్పలేనంది. నా చేతిని నేనే నమ్మలేని రోజున అన్నయ్యగారు నన్ను నమ్మారు, అని కూర్చుంది.

నా వంతు వచ్చింది. లేచి వాతావరణం జోకు చెప్పాను. అవును, అదే చెప్పాను. బాగా పేలింది కూడా. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. వెళ్లి కూర్చున్నాను. సెకన్లముల్లు నాకు ఇంకా మూడు నిమిషాలు మిగిలాయని వేళ్లు చూపించాడు.

మళ్లీ లేచి మైకు దగ్గరికి వెళ్లాను.

"ఆ రోజు లైట్ వెలిగింది," అన్నాను. ఇంకో జోకు అనుకుని ఎవరో నవ్వారు. ఆమెనే చూస్తూ చెప్పాను. "నువ్వు నొక్కావమ్మా. నేనే సీట్లో లేను. ఫోన్‌లో ఓట్లు అడుగుతున్నాను. లైట్ రాలేదని అబద్ధం చెప్పాను."

ఒక్కొక్కరే లేచి, టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు. మా ఆవిడ నా వైపు చూడకుండా బయటికి నడిచింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆమె మాత్రం కుర్చీలోనే కూర్చుని, తన కుడిచెయ్యి తిప్పి తిప్పి చూసుకుంటోంది. హాలు ఖాళీ అయ్యాక నా దగ్గరికి వచ్చింది.

"ఆ ఏడాది లాగ్ రిజిస్టర్ ఎక్కడుంది సార్?" అంది.

పదకొండేళ్లలో నన్ను సార్ అనడం అదే మొదటిసారి. స్టోర్ రూమ్‌లో దుమ్ము దులిపి తీశాను. ఆ పేజీలో తన సంతకం కింద ఖాళీ జాగా చూపించి, పెన్ను నా చేతికిచ్చింది. నేను రాస్తున్నంతసేపూ పక్కనే నిలబడింది. చదువుకుంది, ఒక్కసారే. బస్సుకి టైమైందని వెళ్లిపోయింది. ఆ పేజీలో నేను రాసింది ఇదీ:

నవంబరు 9, పదకొండేళ్ల కిందట. ఉదయం 6.00

క్యూ లైట్ వెలిగింది. కంట్రోల్ రూమ్ తప్పు లేదు. అనౌన్సర్ సీట్లో లేడు.

సంతకం: అనౌన్సర్.