విమానం ఎక్కొచ్చన్నారు

శ్రీవారికి,

నమస్కారాలు. ఇక్కడ నేనూ అమ్మాయీ, కుట్టుమిషన్లతో సహా, క్షేమం. అన్నగారిని చూసొస్తానని వెళ్లి అక్కడే గుండెపోటు తెచ్చుకున్న మీరు పూటపూటకీ కోలుకుంటున్నారని ఉత్తరం చూసి తెలుసుకున్నాను.

మీరడిగినట్టు షాపేమీ మూతపడలేదు. బట్ట కత్తిరించేది నేనే. గుండీలు కుట్టడానికి తప్ప పనికిరావని ఇన్నేళ్లూ మీరన్న చేతులే. మొదటి చొక్కా చంక దగ్గర బిగుతయింది, నిజమే. ఇప్పుడా చొక్కా మనిషే కొడుకు సూటు కూడా నన్నే కుట్టమన్నాడు. "మీ ఆయన ఎప్పుడొస్తాడమ్మా?" అని అడిగి, నేను నోరు తెరిచేలోపే "తొందరేం లేదులే" అన్నాడు.

అమ్మాయి కడుపునిండా తింటోంది. మొన్న గ్లాసు జారవిడిచి, తలుపు వైపు చూసి, మీరు లేరని గుర్తొచ్చి నవ్వేసింది.

మీ వదినగారు ఫోన్ చేసింది. "చెల్లీ, ఆయన్ని ఎప్పుడు తీసుకెళ్తావు? కూరలో ఉప్పు లేదని కంచం విసిరాడు" అని ఒకటే ఏడుపు. "ఉప్పు తగ్గించమన్నది డాక్టరేనని చెప్పలేదా అక్కా?" అన్నాను. చెప్పిందట. చెప్పాకే విసిరారట.

"రెండంతస్తులు ఆయాసం లేకుండా ఎక్కుతున్నా, మన డాక్టరు ఇంకా విమానం ఎందుకు వద్దంటున్నాడు?" అని రాశారు. అక్కడి డాక్టర్లంతా దొంగలు, మన డాక్టరొక్కడే దేవుడంటూ రిపోర్టులన్నీ నాకే పంపారు కదా. ఆయన వద్దనలేదండీ. మెట్లెక్కినా నొప్పీ ఆయాసమూ రాకపోతే నిక్షేపంగా రావచ్చని మొదట్లోనే చెప్పారు. వద్దన్నది నేను. ప్రతి ఉత్తరంలోనూ ఆయన పేరు పెట్టి "ఇంకొన్నాళ్లు ఆగాలట" అని రాసింది నేనే. సిగ్గేమైనా వేస్తోందా అని చూసుకున్నాను. వెయ్యలేదు.

మిమ్మల్ని పంపేయాలని ఆవిడ, రానివ్వకూడదని నేను. కానీ ఆవిడ ఏడుపు వినలేక చెప్పేస్తున్నాను, రండి. మాత్రలు పెట్టెలో కాదు, చేతిసంచిలో పెట్టుకోండి. ఎయిర్‌పోర్టులో చక్రాల కుర్చీ అడగండి, నామోషీ పడకండి. మధ్యమధ్య లేచి నాలుగడుగులు వేయండి, నీళ్లు తాగండి. ఛాతీలో ఏమాత్రం తేడా అనిపించినా వెంటనే సిబ్బందికి చెప్పండి.

వచ్చాక కొన్నాళ్లు బరువులెత్తొద్దన్నారు డాక్టరు. మా మీద చెయ్యి కూడా ఎత్తొద్దు. ఈ మాట మాత్రం ఆయన పేరు పెట్టి రాయడం లేదు. పెద్ద కత్తెర ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది.

ఇట్లు,
షాపు తెరిచే వేళయిందని ముగిస్తున్న
మీ ఆవిడ