ఎర్రగా లేని నిప్పు

మల్లన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. నువ్వు చెప్పిన ఆ నిప్పుల కొండను ఇన్నాళ్లకు ఫోన్లో చూశాను. టాంజానియాలో నిజంగానే ఉందన్నా. లావా నల్లగా, బండిలోంచి తీసిన పాత ఆయిల్‌లా పారుతోంది. ఒకట్రెండు రోజులకు సున్నం వేసినట్టు తెల్లబడుతుందట.

ఈ ఎడారి దేశంలో మన లేబర్ క్యాంపు గేటు దగ్గరి టాంజానియా వాచ్‌మన్ చెప్పాడని నువ్వంటే, "ఎర్రగ లేంది నిప్పెట్లయితదే? మస్తు కోతలు కోస్తున్నవ్" అని గదంతా నవ్వించింది నేనే. నువ్వా మాట మళ్లీ ఎత్తలేదు. సెలవు మీద ఊరికి వెళ్లి, అక్కడే పోయావు. ఆ రోజే నన్ను గట్టిగా తిడితే నీ సొమ్మేం పోయేది?

నీ మంచం ఇప్పుడు కొత్తగా వచ్చిన రాజం అనే కుర్రాడిది. పొద్దున ఫ్యాక్టరీ డ్యూటీలో, అప్పుడే అచ్చులోంచి తీసిన అల్యూమినియం దిమ్మ మీద చేయి పెట్టబోయాడు. ఫాట్‌మని ఆ చేతి మీద కొట్టాను.

"ఎర్రగ లేదు గదన్నా, సల్లగైందనుకున్న" అన్నాడు, మొహం మాడ్చుకుని.

అన్నం తినేటప్పుడు కొండ వీడియో చూపించాను. "గదంత గ్రాఫిక్స్" అని పప్పు కలుపుకున్నాడు. ఒళ్లు మండిపోయింది. వాడి మీద కాదు.

నేను చేరిన కొత్తలో ఇలాంటి దిమ్మ మీదే చేయి పెట్టబోతే నువ్వూ ఇలాగే కొట్టావు. ఎర్రగా లేకపోయినా కాలుతుందని నాకు నేర్పింది నువ్వు. అయినా నిన్నే నమ్మలేదు.

నువ్వు కొట్టిన ఆ చేత్తోనే రాస్తున్నానన్నా.