రేపటికి పెట్టిన పులుసు

కరుణక్కకు,

ప్రభువు దయవల్ల ముత్తుకూరులో నువ్వూ, బావా, పిల్లలూ చల్లగా ఉన్నారని నమ్ముతూ నీ చెల్లెలు సుశీల వందనాలు. బావ మోకాలి నొప్పి తగ్గిందా? నేను బాగున్నాను. సిస్టర్లు ఒట్టు పెట్టకూడదు గానీ, ఒట్టు, బాగున్నాను.

నేనున్న ఈ మడగాస్కర్‌లో ప్రభుత్వం పడిపోయిందని టీవీలో చూసే ఉంటావు. ఇక్కడ ఒకటే వాన. అంగళ్ళు మూశారు, ఫోన్లు పనిచేయడం లేదు. ఆడవాళ్ళు పిల్లలతో వచ్చి మా చర్చిలో తలదాచుకున్నారు. బయటి దేశాల సిస్టర్లు ఇళ్ళకు వెళ్ళిపోవచ్చని పెద్దలు కబురు పంపారు. ఫోన్లు ఆగకముందు నువ్వు అరిచావే, "ఆడ తుపాకులు పేలతా ఉంటే నీకేం పని మే? వచ్చెయ్, చేపల పులుసు పెడతా, తలకాయ ముక్క నీకే" అని! సరేనన్నాను. పెట్టె కూడా సర్దుకున్నాను.

నిన్న సాయంత్రం ఒకాయన చేపలు తెచ్చిచ్చాడు. ఇక్కడివాళ్ళు ఉప్పేసి ఉడికించుకుంటారు. నాకు మనసొప్పుతుందా? చింతపండు పిసికి, మామిడికాయ ముక్కలేసి మన పులుసే పెట్టి, దించి మూతపెట్టాను. సోవా అని, నెలలు నిండిన పిల్ల, "వడ్డించరా?" అని అడిగింది.

"మా నెల్లూరోళ్ళం ఇవాళ పెట్టి రేపు తింటాం, అప్పుడే రుచి" అన్నాను, అలవాటుగా.

ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. "అయితే సిస్టర్ రేపు కూడా ఉంటుంది!" అని చర్చంతా చాటింది. ఉదయాన్నే నన్ను తీసుకెళ్ళే బండి వస్తుందని చెప్పకుండా, పులుసు మూత మళ్ళీ సర్దానక్కా. మా మిషన్ ఆస్పత్రిలో కాన్పులు చేసే నర్సును నేనొక్కదాన్నే.

ఇప్పుడు బండి గేటు దగ్గరుంది. అదే బండిలో వెళ్తున్న మా కాన్వెంటు పెద్ద, మదర్, నా పెట్టె ఏదని అడిగింది. "పులుసు ఇంకా వడ్డించలేదు మదర్" అన్నాను. ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఈ ఉత్తరం తీసుకెళ్తానని నిలబడి ఉంది.

తిట్టు అక్కా, నోరారా తిట్టు. భయం లేదంటే అబద్ధం. నువ్వు గుర్తొస్తే ఏడుపొస్తోంది. అయినా బాగున్నాను. దారులు తెరిచాక కాస్త మెంతిపొడి పంపు, ఇక్కడ దొరకదు. పెద్దమ్మకు నా వందనాలు చెప్పి, నా కోసం, సోవా కోసం ప్రార్థన చెయ్యమను.

ఈసారికి నా తలకాయ ముక్క బావకు వెయ్యి.

నీ దీవెన కోరే చెల్లెలు,
సుశీల